సగం బుక్కు కడపలోనే అయిపోవాల

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చూసిన ఊర్ల ఫోటోలతో మా పిల్లలు ఒక బుక్కు చేస్తారు, ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. అందులో మావాడు గండికోట పేజీకి ఎదురుగా గ్రాండ్ కాన్యన్ ఫోటో అతికించినాడు. వాళ్ల జేజినాయనకి, అంటే తాతకి, అది అస్సలు నచ్చలేదు. "దాని పక్కన పెడితే మనది కంటికి ఆనుతాదా ఏందిరా" అని ఆయన, "రెండూ నేను చూసినవే కదా జేజినాయనా" అని వీడు, ఒక పూటంతా ఇదే పంచాయితీ.

మాది కడప, ఇప్పుడు ఉండేది డాలస్. ఆయన బాధ నాకు అర్థమైంది కానీ తప్పు పిల్లోడిది కాదు. గండికోటని ఇండియా గ్రాండ్ కాన్యన్ అని మొదట ఎవరన్నారో గానీ, ఆ పేరు అమెరికాలో పెరిగే పిల్లల దగ్గర మాత్రం వాడకూడదబ్బా. అసలుదాన్ని చూసొచ్చినోన్ని తీసుకుపోయి లోయ అంచున నిలబెట్టి ఆ మాట చెప్తే "ఇంతేనా" అంటాడు, ఇంకేమంటాడు? అక్కడ లోతు మైలు, పొడవు 446 కిలోమీటర్లు. మన పెన్న ఎర్రమల కొండల్ని కోసుకొని పోయిన లోతు 300 అడుగులుంటాది. కొలతల్లో పందెం కడితే ఓడిపోయేది మనమే, ఇంగ ఆ పందెం ఎందుకు కట్టాల?

కానీ వాడు ఫోటోల కింద రాసింది చూసినాక జేజినాయన కొంచెం చల్లబడినాడు. గ్రాండ్ కాన్యన్ కింద "చానా పెద్దది, ఉడత నా చిప్స్ తినేసింది" అని ఉంది, అంతే. గండికోట కింద మాత్రం జాగా చాలక పక్కకి తిప్పి మరీ రాసినాడు, కోట లోపల మనుషులు ఇళ్లు కట్టుకొని ఉన్నారని, ఒక అవ్వ మేకల్ని తోలుకొని మా కారుకి అడ్డం వచ్చిందని, గుడీ మసీదూ రెండూ ఉన్నాయని, గుళ్లో దేవుడు మాత్రం లేడని, జేజినాయన కాలేజీలో ఉన్నప్పుడు జమ్మలమడుగు నుంచి ఫ్రెండ్స్‌తో సైకిళ్లమీద వచ్చి ఇక్కడే చెప్పు ఒకటి లోయలో పడేసుకున్నాడని. ఆ చెప్పు బొమ్మ కూడా గీసినాడు, లోయలో పడిపోతా ఉన్నట్టు.

గండికోట గురించి నేనైతే ఏం చెప్పి ఉంటానో నాకు తెలుసు. కోటని ఏలిన పెమ్మసాని నాయకులు, విజయనగర రాజులు, తర్వాత సేనాపతి మీర్ జుమ్లా గోల్కొండ తరఫున కోటని పట్టుకోవడం, 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికొచ్చి ఆయన్ని కలవడం. చెప్పినాను కూడా, ఎండలో నిలబెట్టి. అందులో వాడికి గుర్తున్నది వజ్రాలు ఒకటే. చెప్పు సంగతి మాత్రం బుర్రలోంచి పోలేదు, ఆ చెప్పు పట్టుకొనే తర్వాత "అప్పుడు ఇక్కడ కంచె లేదా, టికెట్ లేదా, ఎవరూ రారా" అని అడుగుతా అడుగుతా చివరికి మీర్ జుమ్లా దాకా వాడే వచ్చినాడు.

అందుకే మా ఇంట్లో ఈ బుక్కు పని సగం కడపలోనే అయిపోవాల అని పెట్టుకున్నాం. అమెరికా పోయినాక చేద్దాంలే అనుకుంటే కాదు. అక్కడికి పోతే స్కూలు, సాకర్, ఆదివారం తెలుగు క్లాసు, ఫోటోలు ఫోన్లోనే పడుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇదెవరు ఇదేంది అని అడగడానికి అక్కడ పక్కన జేజి, అంటే వాళ్ల నాయనమ్మ, ఉండదు కదా. వీడియో కాల్‌లో అడగొచ్చు కదా అంటారు, అడిగి చూడండి, "బాగుండావా నాయనా, తిన్నావా, జలుబు తగ్గిందా" దగ్గరే కాల్ అయిపోతాది. అదే మధ్యాహ్నం అన్నం తిన్నాక బండల మీద ఫోటోలు పరుచుకొని కూర్చుంటే పెద్దోళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి పక్కన చేరి మాట్లాడతారు, మనం అడగక్కర్లేదు. ఏడురోడ్ల దగ్గర ఒక స్టూడియోలో ప్రింట్లు ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాడు. ఒక్కో ఊరికి పది ఫోటోలకి మించి ప్రింట్ వేయించొద్దు, ఏ పదో పిల్లలే తేల్చాల. కొట్లాట జరుగుతాది, జరగనీండి.

లేపాక్షి ఫోటోల దగ్గర ఆ కొట్లాట బాగా జరిగింది. నేను ఏరిపెట్టినవి వేలాడే స్తంభం కింద పైటచెంగు దూర్చే ఫోటో, ఏడు పడగల నాగలింగం, నంది. నంది అంటే మామూలు నందా, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఒకే రాయి. మావాడు ఇవన్నీ పక్కకి నెట్టేసి నేలమీద చెక్కిన రాతి పళ్లాలు తీసినాడు, గుడి కట్టే శిల్పులు వాటిల్లో అన్నం తినేవాళ్లని అక్కడ చెప్తారు కదా, గుండ్రంగా, కూరకి పప్పుకి గుంతలు గుంతలుగా ఉంటాయి. "మమ్మీ ఇది మా స్కూల్ లంచ్ ట్రే" అన్నాడు. నిజమే, అచ్చం అట్లనే ఉంది, నేను చిన్నప్పట్నుంచి ఆ గుడికి పోతానే ఉన్నా ఆ పళ్లాల దగ్గర ఎప్పుడూ ఆగింది లేదు. తర్వాత డాలస్‌లో ఆ పేజీ క్లాసుకి తీసుకుపోతే పిల్లలంతా దాని చుట్టూనే మూగినారంట, స్తంభం గురించి ఒక్కరూ అడగలేదంట.

మా పాపది ఇంకో లోకం. తొమ్మిదో క్లాసు, గుడి అంటేనే మొహం అదోలా పెడుతుంది, ఇన్‌స్టాలో పెట్టుకునే ఫోటోలు తప్ప ఏమీ వద్దు అనే వయసు. దాన్ని మార్చింది మా అమ్మ. అమ్మది అనంతపురం, పెళ్లినాటి ధర్మవరం చీరలు ఇప్పటికీ కర్పూరం ఉండలు వేసి దాచుకుంది. లేపాక్షి గుడి లతా మండపం స్తంభాల మీద తీగలు, హంసలు ఒక్కోదాని మీద ఒక్కో రకంగా చెక్కి ఉంటాయి, చీరల అంచులకి ఆ డిజైన్లు తీసుకుంటారు. అమ్మ అక్కడ ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఇంటికొచ్చినాక బీరువాలో నుంచి ఒక చీర తీసి, పాప ఫోన్లో ఉన్న స్తంభం ఫోటో పక్కన అంచు పరిచి "చూడు" అనింది, అంతే. నేతగాళ్లు డిజైన్‌ని ముందు గ్రాఫ్ పేపర్ మీద గడులు నింపి గీస్తారని, దాన్నిబట్టి మగ్గానికి తగిలించే జాకార్డ్ అట్టలకి చిల్లులు కొడతారని చెప్తే, పాప గ్రాఫ్ పేపర్ తెప్పించుకొని హంసని గడులు గడులుగా దింపింది, ముక్కు దగ్గర వంపు రావడంలేదని రబ్బరుతో చెరిపి చెరిపి పేపర్ చిరిగిపోయింది, మళ్లీ ఇంకో షీట్. అమ్మ పాత జాకెట్ గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి ఇచ్చింది, వంకాయ రంగు, అంచు జరీ కొంచెం నల్లబడింది. ఆ ముక్క, ఆ గ్రాఫ్ పేపర్, చిన్న ఫోటో ఒకటి. పేజీ మొత్తం అంతే. మా బుక్కులో నాకు అన్నిటికంటే నచ్చే పేజీ అదే.

ఆ పేజీ పైన "అనంతపురం జిల్లా" అని ఉంటాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినాక లేపాక్షి సత్యసాయి జిల్లాలోకి పోయింది, బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి పోయినాయి, పాప గూగుల్ చూపించి చెప్పింది కూడా. మా నాన్న ఒప్పుకోలేదు. "నేను ఉన్నన్నాళ్లు లేపాక్షి అనంతపురమే" అన్నాడు. సరే అని అట్లే రాసినాం, కింద పాప చిన్న అక్షరాలతో ఒక చుక్క గుర్తు పెట్టి అసలు సంగతి రాసుకుంది.

బెలుం గుహల పేజీలో ఫోటోనే లేదు. తీసినాం, వందల్లో తీసినాం, అన్నీ పసుపురంగు లైట్లు, చెమటతో తడిసిన మొహాలు, ఏ ఫోటో ఎక్కడిదో కూడా తెలీదు. 3,229 మీటర్ల గుహలో సగం దాకా జనాన్ని పోనిస్తారు, పాతాళగంగ దగ్గరికి పోయేసరికి గాలి ఆడక మా అత్త "నేను వెనక్కి పోతా" అని కూర్చునేసింది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహల గురించి రాసినాడని, 1982, 83లో జర్మన్ వాళ్లొచ్చి లోపలంతా కొలిచినారని మావాడికి చెప్పినా, వాడికి పట్టింది మాత్రం "వాళ్లకి లైట్లు లేవు కదా, మరి ఎట్ల పోయినారు" అనేది. అందుకే నల్ల చార్ట్ పేపర్ మీద తెల్ల పెన్సిల్‌తో దారి గీసినాడు, మధ్యలో ఒక చోట "జేజి ఇక్కడ కూర్చుంది" అని బాణం గుర్తు. ఫోటో రాని చోటుకి కూడా పేజీ ఉండాల్సిందే అని నేను గట్టిగా అంటా. లేకపోతే ఫోటోకి బాగా పడే ఊర్లే గుర్తుంటాయి, మిగతావి పోతాయి.

కర్నూలు పేజీ కూడా అట్లాంటిదే. కొండారెడ్డి బురుజు ముందు నిలబడి తీసుకున్న ఫోటో ఎవరింట్లోనైనా ఉంటాది. మా పెద్దత్తది కర్నూలే, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు చిన్నపిల్ల. గవర్నమెంటు ఆఫీసులు డేరాల్లో నడిచేవంట, సర్కస్ వచ్చిందనుకొని చూడటానికి పోయినామే అని చెప్పి పడీ పడీ నవ్వింది. 1956 నవంబర్‌లో రాజధాని హైదరాబాద్ పోయింది. డాలస్ పిల్లలకి రాజధాని డేరాల్లో ఉండటం అంటే చెప్పలేనంత తమాషా. పెద్దత్త చెప్పింది పాప ఇంగ్లీషులో రాసింది, దాని కింద పెద్దత్త చేతే తెలుగులో నాలుగు లైన్లు రాయించినాం, చెయ్యి వణుకుతాది, అక్షరాలు మెట్లెక్కినట్టు పైకి పోయినాయి. పిల్లలు ఆ తెలుగు కూడబలుక్కొని చదువుతారు, టెక్స్ట్‌బుక్కు ఇస్తే మాత్రం చదవరు.

అతికించే పని గురించి నాలుగు ముక్కలు, ఎవరికైనా పనికొస్తాయి. బంక పేజీలుండి పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లు అస్సలు కొనొద్దు, కొన్నేళ్లకి పేజీ పసుపెక్కిపోతాది, ఫోటో ఊడదీస్తే చిరిగిపోతాది. యాసిడ్ లేని కాగితం అని అడిగి తీసుకోండి. జేజి పెళ్లి ఆల్బమ్ చూడండి, నల్ల అట్ట పేజీలు, నాలుగు మూలలకి తెల్ల కాగితం మూలలు, పేజీకి పేజీకి మధ్య సాలెగూడు డిజైన్ ఉన్న బటర్ పేపర్, ఫోటోకి ఎక్కడా గమ్ అంటలేదు, అందుకే ఇన్నేళ్లకీ ఫోటోలు తళతళమంటున్నాయి. ఆ మూలలు ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతాయి, మేం అవే వాడతాం. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాస్తే ముందుకి అచ్చు పడుతుంది, మెత్తని పెన్సిల్ మేలు. బస్సు టికెట్లు, హోటల్ బిల్లులు మెషీన్ కాగితం మీద వచ్చేవి తొందర్లోనే తెల్లగా అయిపోతాయి, వాటిని ముందే జిరాక్స్ తీసి జిరాక్స్‌నే అతికించండి.

ఇంకోటి, ఆకులు, గింజలు, మట్టి. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర మావాడు జేబు నిండా ఆకులు నింపుకున్నాడు. కదిరి దగ్గర దాదాపు 5 ఎకరాలు పరుచుకున్న మాను అది, 1989 గిన్నిస్ బుక్కులో ఎక్కింది, ఆకు తీసుకుపోవాలని ఏ పిల్లోడికైనా అనిపిస్తాది. కానీ అమెరికా ఎయిర్‌పోర్టులో మొక్కలకి సంబంధించినవి, మట్టి చెప్పకుండా తీసుకుపోతే జరిమానా వేస్తారు. అందుకని ఇంట్లోనే ఆకు మీద కాగితం పెట్టి క్రేయాన్ రుద్దించినాం, ఈనెలన్నీ భలే వచ్చినాయి. గండికోటలో రాయి ముక్క ఒకటి దాచుకుంటే అది అక్కడే పెట్టించినాం, ప్రతి ఒక్కరూ ఒక్కో రాయి ఎత్తుకుపోతే కోట మిగలదు కదా.

ప్రతి పేజీకి రెండు కాపీలు వేయిస్తాం, ఒకటి కలర్ జిరాక్స్ తీసి స్పైరల్ కట్టించి జేజి దగ్గర పెడతాం. ఇంటికెవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ బుక్కు వస్తాది. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడి పేజీ చూపించి, ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి స్వామికి దండం పెట్టుకొని పోతారని మా పిల్లోడు ఇంగ్లీషులో రాసింది ఏందో, ఇంగ్లీషు రాని జేజి వచ్చినోళ్లకి తెలుగులో మొత్తం చెప్పేస్తాది. వాడు రాసింది రెండు లైన్లే, ఆమె చెప్పేది అరగంట.

ఈసారికి మావాడు ముందే ఒక పేజీ ఖాళీగా ఉంచుకున్నాడు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది కదా, అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, బ్రాహ్మి లిపిలో. కొన్ని చోట్ల ఒక వరుస ఎడమ నుంచి కుడికి పోతే దాని కింద వరుస కుడి నుంచి ఎడమకి వస్తాదని నేను ఒకసారి నోరు జారినా. అప్పట్నుంచి ఆ పేజీలో తన రాత కూడా అట్లనే ఉండాలంటాడు, ఇప్పటికే ప్రాక్టీస్ మొదలుపెట్టి హోంవర్క్ కూడా అట్లనే రాస్తే టీచర్ మెయిల్ పెట్టింది. ఎండాకాలం ఆ బండలెక్కడం కాని పని, పోతే డిసెంబర్‌లోనే పోవాల. డిసెంబర్ టికెట్ల ధర చూసి మా ఆయన లాప్‌టాప్ మూసేసినాడు, మళ్లీ ఎప్పుడు తెరుస్తాడో చూడాల.