తప్పు ఆప్షన్లే ప్రశ్నకు ప్రాణం

బెంగళూరులో మా మారతహళ్లి వైపు తెలుగు పిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు పెట్టే టెస్టు పేపర్లు నేను చూస్తుంటాను. సరైన జవాబు మీద ఉన్న శ్రద్ధ తప్పు ఆప్షన్ల మీద కనిపించదు. అదే నా బాధ.

1/2 + 1/3 ఎంత అని అడిగారనుకోండి. జవాబు 5/6. పక్కన 2/5 ఉండి తీరాలి, ఎందుకంటే పైవి పైవి, కిందివి కిందివి కూడేసే పిల్లలు నేరుగా దాని దగ్గరికే వెళ్తారు, ఎవరికి ఏం అర్థం కాలేదో టీచరుకు ఆ ఒక్క టిక్కే చెప్పేస్తుంది. 1/6 పెడితే కూడమంటే గుణించినవాళ్లు దొరుకుతారు. అలా కాకుండా ఏ 97నో పడేస్తే దాన్ని ఎవరూ ముట్టుకోరు, నాలుగు ఆప్షన్ల ప్రశ్న కాస్తా మూడింటిదవుతుంది, గుడ్డిగా పెట్టినా తగిలే అవకాశం 25 శాతం నుంచి 33కి పెరుగుతుంది.

టెస్టు అయ్యాక ఇంకో పని ఉంది, దీన్ని మాత్రం దయచేసి వదలకండి. మొత్తం మార్కుల వరసలో పేపర్లు పేర్చి, పై 27 శాతం మందినీ కింది 27 శాతం మందినీ విడదీసి (1939లో అమెరికా సైకాలజిస్టు ట్రూమన్ కెల్లీ చూపించిన లెక్క ఇది), ఒక్కో ప్రశ్నకు ఏ గుంపులో ఎంత శాతం రైటు రాశారో చూసి, పై గుంపు శాతంలోంచి కింది గుంపుది తీసేయండి. అది మైనస్‌లో వస్తే, అంటే బాగా చదివేవాళ్లే ఎక్కువమంది తప్పు రాస్తే, ముందు ఆన్సర్ కీ చూడండి, తర్వాత ప్రశ్న మళ్లీ చదవండి. పదిమంది ఉన్న బ్యాచ్‌లో ఈ శాతాలను నమ్మలేం. అదే పేపరు రాసిన రెండు మూడు బ్యాచ్‌లు కలిపి చూడాలి.