బోకులు తోమే చోట గీజర్

తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న కర్రీ పాయింట్. వెనక రేకుల వసారా, రెండు సింకులు. మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్మా గుండిగలు, వేపుళ్ళ బాండలీలు అన్నీ అక్కడికే చేరతాయి. చన్నీళ్ళకు ఆ జిడ్డు వదలదు. అందుకని మూడేళ్ళు స్టీలు బకెట్‌లో నీళ్ళు కాచే కరెంటు రాడ్ పెట్టి నెట్టుకొచ్చాం.

పోయిన డిసెంబర్‌లో ఒకరోజు బోకులు తోమే అక్క పిలిచింది. "సామీ, బకెట్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటా ఉంది." టెస్టర్ ఆనిస్తే లైటు వెలిగింది. ప్లగ్గు పీకి రాడ్ బయటికి తీశాను. చుట్టూ సున్నం పెచ్చులు కట్టి, ఒకచోట గొట్టమే చీలిపోయి ఉంది. అక్క చెప్పుల్లేకుండా, తడి నేల మీద నిలబడే చోటది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సోలార్ పెడదామంటే మిద్దె మాది కాదు. గ్యాస్ మీద కాచుకుందామంటే పొయ్యిలు వంటకే చాలవు. ఇక మిగిలింది గీజరే.

మొదట ఇన్‌స్టెంట్ గీజర్ మీద మనసు పోయింది. 3 లీటర్లు, 3 కిలోవాట్లు, ధర కూడా తక్కువ. "స్విచ్ వేస్తే నిమిషంలో వేడన్నా" అన్నాడు షాపు కుర్రాడు. నిజమే, కానీ ఎన్ని నీళ్ళు? లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు కావాలని పదో తరగతిలో చదివింది అప్పుడు అక్కరకొచ్చింది. 28 డిగ్రీల నీళ్ళు 45కి రావాలంటే అది నిమిషానికి రెండున్నర లీటర్లే ఇస్తుంది. 15 లీటర్ల బకెట్ నిండడానికి ఆరు నిమిషాలు. కుళాయి పూర్తిగా తిప్పితే గోరువెచ్చగా కూడా రావు. మా అక్క కుళాయిని సగం తిప్పే మనిషి కాదు.

అదే 25 లీటర్ల ట్యాంకు గీజర్‌లో 60 డిగ్రీల నీళ్ళుంటే, చన్నీళ్ళు కలుపుకుని మూడు బకెట్లు తేలిగ్గా వస్తాయి. మాకు కావలసింది అంతే. 2 కిలోవాట్ల హీటర్‌తో అరగంట పడుతుంది, కరెంటు ఒక యూనిట్ లోపే. ఐఎస్ఐ మార్కు తప్పనిసరిగా చూశాను. స్టార్ల దగ్గర మాత్రం పట్టుబట్టలేదు. గీజర్‌కు స్టార్లు ఇచ్చేది ట్యాంకులో వేడి నిలబడే తీరును బట్టి. రోజంతా ఆన్‌లో పెట్టేవాళ్ళకు అది లాభం, మేము వేసేది రెండు గంటలే.

నాకు అసలు బెంగ నీళ్ళ గురించి. కార్పొరేషన్ నీళ్ళు వంటకే సరిపోతాయి, బోకులకు బోరు నీళ్ళే గతి. ఆర్వో మెకానిక్ మీటర్ ముంచితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, 1,100 చూపించింది. అందులో సున్నం ఎంతో మీటర్ చెప్పదు, అది మా రాడ్ ముందే చెప్పేసింది. అందుకే లోపల గాజు పూత ఉన్న ట్యాంకు తీసుకున్నాం. అందులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు అదే అరుగుతుంది. ఏడాదికోసారి విప్పి చూసుకోవాలి. వేడి ఎక్కువ పెడితే సున్నం ఇంకా తొందరగా పడుతుందని థర్మోస్టాట్ 60 దాటనివ్వడం లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి పాత ప్లగ్గు విప్పి నన్ను పిలిచాడు. "చూడన్నా, ఎర్త్ బొక్క ఉంది, దానికి వైరే లేదు." ఇన్నేళ్ళూ మమ్మల్ని కాపాడింది అదృష్టమే. బోర్డు నుంచి గీజర్‌కు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, 16 ఆంపియర్ల ప్లగ్గు, లోడు మించితే లైను ఆపేసే ఎంసీబీ పెట్టించాం. కొత్తగా ఎర్త్ గుంత తవ్వించి, షాక్ కొడితే లైను కొట్టేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా వేయించాం. స్విచ్ సింకు దగ్గర కాదు, తలుపు పక్కన. గీజర్‌కు తొమ్మిది వేలయితే ఈ పనికి ఏడు వేలయింది. అయినా ఆ ఏడు వేల దగ్గర బేరమాడలేదు.

ప్లంబర్ వేడినీళ్ళ వైపు మామూలు పీవీసీ పైపు వేయబోతే ఆపి, సీపీవీసీ తెప్పించాను. వేడికి మామూలుది మెత్తబడి వంగిపోతుంది.

రెండో రోజే అక్క గీజర్ సేఫ్టీ వాల్వుకు గుడ్డ చుట్టేసింది, "కారతా ఉంది సామీ" అని. నీళ్ళు కాగేటప్పుడు పొంగుతాయి, ఆ పొంగు పోయే దారి అది, మూస్తే ట్యాంకుకే ప్రమాదం అని చెప్పి విప్పించాను. ఇప్పుడు దాని కింద చెంబు పెట్టింది. సాయంత్రానికి సగం నిండుతుంది. ఆ నీళ్ళు చల్లారాక వెనక కరివేపాకు చెట్టుకు పోస్తోంది.