కళ్లార్పమంటుంది, ఎప్పుడో చెప్పదు

మా బాబాయి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. గ్లాకోమాతో చూపు పోయినా ఫోన్ మాత్రం వదల్లేదు, తెర మీదున్నది టాక్‌బ్యాక్ అనే ఫోన్ సదుపాయం చదివి వినిపిస్తుంటే వాట్సాప్‌లో నాకంటే ముందే రిప్లై ఇస్తాడు. అలాంటి మనిషి మొన్న బ్యాంకు యాప్‌లో కేవైసీ కోసం, అంటే ఖాతా తనదేనని రుజువు చేసుకోవడానికి, గంటసేపు అవస్థపడ్డాడు. ముఖం గుండ్రటి గీతలోకి రావాలట, అడిగినప్పుడు కళ్లార్పాలట. ముఖం గీతలో ఉందో లేదో, ఎప్పుడు ఆర్పాలో ఆ యాప్ నోటితో చెప్పదు, తెర మీద రాసి ఊరుకుంటుంది. ఆలోపు టైం అయిపోయి మళ్లీ మొదటికి.

చివరికి ఫోన్ నా చేతికిచ్చి పిన్, ఓటీపీ అన్నీ చెప్పేశాడు. "ఎవరికీ చెప్పొద్దని మెసేజ్‌లు పెట్టేదీ వాళ్లే, చెప్పక తప్పకుండా చేసిందీ వాళ్లేనమ్మా" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. నేను సొంత మనిషిని కాబట్టి సరే, ఇంట్లో ఎవరూ లేనివాళ్లు పక్కింటి వాళ్లకో, ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాడికో తమ ఖాతా మొత్తం అప్పగించాల్సిందేనా? చూపు లేకుండానే ఆయన ఆ పని చేసుకోగలడు, యాప్ కాస్త నోరు విప్పితే చాలు.

ఇదే బాధతో యాసిడ్ దాడికి గురైన ప్రగ్యా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కనురెప్పలు దెబ్బతిన్నవాళ్లు కళ్లెలా ఆర్పుతారు? 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, కేవైసీ పద్ధతి మార్చమని 20 ఆదేశాలిచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ఇన్నేళ్లూ ఏం చేశారని కోపం వస్తుంది నాకు.

పోనీ అదేమైనా పెద్ద పనా అంటే, బటన్‌కి టాక్‌బ్యాక్ చదవగలిగే పేరు పెట్టడం చాలాసార్లు ఒక్క లైను కోడ్. అది లేకపోతే టాక్‌బ్యాక్ "అన్‌లేబుల్డ్ బటన్" అంటుంది, అది డబ్బు పంపేదో రద్దు చేసేదో నొక్కితే గానీ తెలియదు. డబ్బు విషయంలో అలా నొక్కి చూడటం ఎంత టెన్షనో ఆలోచించండి. యాప్ మాట్లాడి, టైం కాస్త ఎక్కువిస్తే, శుక్లాలతో అక్షరాలు మసగ్గా కనిపించే మా అమ్మకీ అంతే సాయం.

ఆ యాప్‌వాళ్లకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. నిన్న బాబాయి ఒక్కో పేజీ వింటూ పేరులేని బటన్లు ఎక్కడెక్కడున్నాయో చెప్పాడు, పదకొండు తేలాయి. ఆ లిస్టు పెట్టి ఈరోజు మళ్లీ రాస్తున్నాను.