పాత ఫిల్టరు వదిలి వెళ్ళిన రబ్బరు రింగు

కారు ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో, ఆ పని మొత్తంలో అన్నిటికంటే తేలికైనది ఫిల్టరు మార్చడమేనని అనుకున్నాను. డ్రెయిన్ ప్లగ్గు విప్పేటప్పుడు వేడి నూనె ముంజేతి మీదికి కారుతుందన్న భయం ఉండేది, జాక్ మీద లేపిన బండి కిందికి దూరాలంటే జంకు ఉండేది, కానీ ఫిల్టరు విషయంలో మాత్రం పాత డబ్బాను తిప్పి తీసి కొత్త డబ్బాను తిప్పి పెట్టడమే కదా అన్న ధీమా ఉండేది. ఆ ధీమా నాలుగోసారి వదిలింది.

ఆ రోజు అన్నీ పద్ధతిగానే చేశాను. నూనె పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ దగ్గరికి నడిచి వచ్చేలోపే కింద నుంచి చప్పుడు వినిపించింది. వంగి చూస్తే, ఫిల్టరు మొదట్లో ఒక పక్క నుంచి నూనె ధారగా చిమ్ముతోంది. పరుగున వెళ్ళి ఇంజన్ ఆపేసరికి అప్పుడే పోసిన కొత్త నూనెలో చాలా భాగం నేల మీద పరుచుకుంది. ఫిల్టరు విప్పి చూస్తే, ఇంజన్‌కు ఆనే చోట నూనె కారకుండా ఆపే కొత్త రబ్బరు రింగు దాని గాడిలోనే ఉంది. అంతకంటే నల్లగా, చదునుగా, గట్టిపడిన మరో రింగు ఇంజన్‌కే అతుక్కుని, సగం బయటికి జారి వేలాడుతోంది. పాత ఫిల్టరు వచ్చేసింది గాని, దాని రింగు రాలేదు. నేను చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగించాను.

ఇలా ఎందుకు జరుగుతుందో తరువాత ఆలోచిస్తే అంతా స్పష్టంగానే ఉంది. వేల కిలోమీటర్ల పాటు వేడెక్కి చల్లారుతూ వచ్చిన రబ్బరు, ముఖ్యంగా బిగించేటప్పుడు పొడిగా ఉన్న రబ్బరు, ఇంజన్ లోహానికి కరుచుకుపోతుంది. డబ్బా తిరిగినప్పుడు రింగు గాడిలోంచి ఊడి అక్కడే నిలిచిపోతుంది. దాని మీద కొత్త రింగు కూర్చుంటే చేతికి బిగువు బాగానే తగులుతుంది, అనుమానం రాదు. అయితే ఒక రింగును కదలకుండా పట్టి ఉంచడానికి చేసిన గాడి రెండింటిని పట్టి ఉంచలేదు. చల్లని ఇంజన్‌లో నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి, స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లోనే పంపు ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పట్టు లేని రింగు పక్కకు జారుతుంది.

అప్పటి నుంచి నా పని వరుస ఆ రింగు చుట్టూనే నడుస్తోంది. ముందుగా ఇంజన్‌ను నాలుగైదు నిమిషాలు నడిపి, నూనె పలచబడి మురికితో సహా దిగేంత గోరువెచ్చగా చేసి ఆపుతాను. చెయ్యి కాలేంత వేడి అవసరం లేదు. బండిని జాక్ ఒక్కదాని మీద వదిలి ఎన్నడూ కిందికి దూరను. స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, బండిని ఒకసారి ఊపి చూశాకే దూరతాను. డ్రెయిన్ ప్లగ్గు విప్పి, నూనె చుక్కలుగా మారేదాకా ఆగి, కొత్త వాషరు వేసి ప్లగ్గు బిగించాక ఫిల్టరు దగ్గరికి వెళ్తాను.

పాత ఫిల్టరు చేతికి లొంగకపోతే ఫిల్టరు పానాను డబ్బా చివర కాకుండా ఇంజన్‌కు దగ్గరగా, మొదట్లో పట్టించాలి, ఎందుకంటే డబ్బా రేకు పలచన, చివర పట్టుకుంటే నొక్కుకుపోతుంది. స్క్రూడ్రైవరు దింపి తిప్పే పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు. రేకు చినుగుతుంది, ఫిల్టరు అక్కడే ఉంటుంది, ఈసారి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఒక చుట్టు వదులయ్యాక కాసేపు ఆగితే అంచు నుంచి కారే నూనె పళ్ళెంలోకి దిగిపోతుంది.

తీసిన వెంటనే డబ్బాను తిరగేసి రింగు ఉందా లేదా చూస్తాను. లేకపోతే అది ఇంజన్ మీదే ఉన్నట్టు. ఉన్నా సరే, ఇంజన్ మీద ఫిల్టరు కూర్చునే చోటును శుభ్రమైన గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ ఒకసారి తడుముతాను. నల్లటి లోహం మీద నల్లటి రబ్బరు, పైగా నూనె పూత, అది కంటికి ఆనదు గాని వేలికి మాత్రం తప్పక తగులుతుంది.

కొత్త ఫిల్టరును పాతదాని పక్కన పెట్టి రింగు వ్యాసం, మరలు పోల్చుకోవాలి. 20 మిల్లీమీటర్ల మర ఉన్న ఫిల్టరు, ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్ల మర ఉన్న ఫిల్టరు బయటికి అచ్చం ఒకేలా ఉండవచ్చు. లోపలి కవాటాల సంగతి చూపుతో తేలదు. ఇంజన్ ఆపాక డబ్బాలోని నూనె వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర ఒకటి, కాగితం మడతలు పూడుకుపోతే నూనెను వడకట్టకుండానే ఇంజన్‌కు దాటించే బైపాస్ కవాటం మరొకటి ఉంటాయి. ఆ బైపాస్ ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది. అందుకే మరలు సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్టు కాదు, మాన్యువల్లో చెప్పిన నంబరుకు సరిపడేదే కొంటాను.

ఫిల్టరు నిలువుగా, మూతి పైకి ఉండేలా బిగించే ఇంజన్ అయితే అందులో ముందే కొంత నూనె పోస్తాను. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలు నూనె లోపలికి వచ్చే దారి, మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం వడకట్టిన నూనె బయటికి వెళ్ళే దారి కాబట్టి, ఆలస్యమైనా చిన్న రంధ్రాల్లోంచే పోయడం నాకు ఇష్టం. అడ్డంగా ఉండే ఫిల్టరులో పోస్తే అది నేలపాలే.

రింగు మీద కొత్త నూనెను వేలితో చుట్టూ పూయాలి. పొడి రబ్బరు తిరుగుతూ ముడతపడుతుంది, పైగా వచ్చేసారి అతుక్కుపోతుంది. మరలు వంకరగా ఎక్కకుండా చేత్తోనే తిప్పుతూ, రింగు ఇంజన్‌ను తాకిందని వేళ్ళకు తెలిసిన చోట ఆగి, డబ్బా మీద మార్కరుతో ఒక గీత గీస్తాను. నా బండి ఫిల్టరు మీద అక్కడి నుంచి ముప్పావు చుట్టు తిప్పమని రాసి ఉంది, చాలా ఫిల్టర్లకు దాదాపు అంతే. బిగించడానికి పానా వాడను. ఇంకొంచెం బిగిద్దామన్న ఆశకు లొంగితే దాన్ని విప్పే రోజున ఆ శిక్ష అనుభవించేది కూడా మనమే.

డబ్బా కాకుండా ప్లాస్టిక్ మూత కింద కాగితపు వడపోత భాగం మాత్రమే ఉండే ఇంజన్లలో మూత ఎంత బలంతో బిగించాలో చాలాసార్లు మూత మీదే అచ్చువేసి ఉంటుంది. కొత్త రబ్బరు రింగును దానికి కేటాయించిన గాడిలోనే వేయడం అక్కడ ముఖ్యం.

నూనె పోశాక స్టార్ట్ చేసి, యాక్సిలరేటరు తొక్కకుండా డ్యాష్‌బోర్డు మీద నూనె ఒత్తిడిని తెలిపే హెచ్చరిక దీపం వైపు చూస్తాను. కొద్ది సెకన్లలో అది ఆరాలి, ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపాలి. ఆరాక దిగి, బండి కింద చేయి పెట్టకుండా టార్చిలైటు వేసి ఫిల్టరు మొదలు, ప్లగ్గు రెండూ చూస్తాను. బండిని సమంగా ఉన్న నేల మీదికి దించి, ఇంజన్ ఆపి, పది నిమిషాల తరువాత డిప్‌స్టిక్ తీస్తే మట్టం కాస్త దిగి ఉంటుంది, ఎందుకంటే ఫిల్టరు తన వాటా తాను నింపుకుంది. ఆ తగ్గినంత పోస్తాను.

పాత ఫిల్టరును పళ్ళెంలో బోర్లించి రాత్రంతా వదిలేస్తే అందులో మిగిలిన నూనె కూడా దిగుతుంది. వాడిన నూనెతో కలిపి దాన్ని డబ్బాలో పోసి, వాడిన నూనె తీసుకునే చోట ఇస్తాను. మట్టిలోనో కాలువలోనో పోయను. ఆ రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, తెల్లవారాక బయటికి లాగి, అది పొడిగా ఉంటేనే పనిముట్లు సర్దుతాను.