యానకం మారిన బిట్ కనిపిస్తే రఫ్ పేపర్ మీద మొదటి లైన్ ఏది?

తరంగాలు, కిరణ దృశాశాస్త్రం, తరంగ దృశాశాస్త్రం ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ పుస్తకంలో మొదట్లోనే వరుసగా ఉంటాయి. అయినా చాలామంది వేటికవే సూత్రాలు బట్టీ పడతారు. అంత బరువు అక్కర్లేదు. తరంగం ఒక యానకం (గాలి, నీరు లాంటి, అది ప్రయాణించే పదార్థం) నుంచి మరోదానిలోకి వెళ్లిందంటే ‘పౌనఃపున్యం మారదు’ అని ముందు రాసేయండి. దాన్ని నిర్ణయించేది జనకం. వేగం, తరంగదైర్ఘ్యం మాత్రం ఒకే నిష్పత్తిలో మారతాయి.

సోడియం కాంతి తరంగదైర్ఘ్యం గాలిలో 589 నానోమీటర్లు. నీటిలో (వక్రీభవన గుణకం, అంటే కాంతి వేగం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే సంఖ్య, 4/3) సుమారు 442, వేగం సెకనుకు 2.25 లక్షల కిలోమీటర్లు. రంగు మాత్రం అదే పసుపు. యంగ్ జంట చీలికల ప్రయోగాన్ని నీటిలో ముంచితే తెర మీద 2 మి.మీ. ఉన్న పట్టీ (వెలుగు, చీకటి చారల) వెడల్పు 1.5 అవుతుంది. దీనికి వేరే సూత్రం ఎందుకు?

ఎక్కువ మార్కులు పోయేది కటకం దగ్గర. గాలిలో 20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న గాజు కటకాన్ని (3/2) నీటిలో ఉంచారు. తొందరలో 3/2 లోంచి 4/3 తీసేస్తే 1/6 వచ్చి, నాభ్యంతరం 60 అని తేలుతుంది. ఆప్షన్లలో ఆ 60 కూడా ఉండే అవకాశం ఎక్కువ. ముందు భాగించాలి: 3/2ను 4/3తో భాగిస్తే 9/8, అందులోంచి 1 తీస్తే 1/8. గాలిలో అది 3/2 లోంచి 1 తీస్తే 1/2. ఈ విలువ ఎన్ని రెట్లు తగ్గితే నాభ్యంతరం అన్ని రెట్లు పెరుగుతుంది. కాబట్టి 4 రెట్లు, 80 సెం.మీ. దర్పణమైతే లెక్కే లేదు, నాభ్యంతరం మారదు.

ధ్వనికి కథ తిరగబడుతుంది. గాలిలో 340, నీటిలో దాదాపు 1500 మీ./సె. కాబట్టి నీటిలోకి వెళ్లే ధ్వని లంబానికి (ఉపరితలానికి నిట్టనిలువుగా గీసిన గీతకు) దూరంగా వంగుతుంది. గాలి వైపు నుంచే సుమారు 13 డిగ్రీలు దాటితే సంపూర్ణాంతర పరావర్తనం (మొత్తం వెనక్కి తిరిగిరావడం). కాంతికైతే అది నీటి వైపు నుంచి, 48.6 డిగ్రీల దగ్గర. వేగం ఎక్కడ తక్కువో చూసుకుంటే చాలు, బరువు చూసి మోసపోవద్దు. కిరోసిన్ నీటి మీద తేలుతుంది, కానీ దాని వక్రీభవన గుణకం 1.44. నీటి నుంచి అందులోకి వెళ్లే కిరణం లంబం వైపే వంగుతుంది.

విద్యుదయస్కాంత తరంగాల చాప్టర్ చదివేటప్పుడు ఒక అనుమానం రావాలి (రాకపోతే సరిగా చదవనట్టే). వక్రీభవన గుణకం సాపేక్ష పెర్మిటివిటీకి (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్యకు) వర్గమూలం అంటారు. నీటికి అది 80, వర్గమూలం దాదాపు 9. మరి గుణకం 1.33 ఎందుకు? ఆ 80 స్థిర క్షేత్రానికి, తక్కువ పౌనఃపున్యాలకు చెల్లే విలువ. కాంతి క్షేత్రం సెకనుకు 500 లక్షల కోట్ల సార్లు డోలనం చేస్తుంటే నీటి అణువులు అంత వేగంగా తిరగలేవు.

పాత పేపర్లలోంచి ఈ చాప్టర్ల ‘నీటిలో ముంచితే’ బిట్లన్నీ ఒకే షీట్ మీదికి ఎక్కించి, ఒకే సిట్టింగ్‌లో చేయండి. ఈఏపీసెట్‌లో నెగెటివ్ లేదు, జేఈఈ మెయిన్‌లో తప్పుకు 1 మార్కు పోతుంది. దశ (డోలనంలో తరంగం ఏ స్థితిలో ఉందో) మార్పు బిట్లు కూడా అదే షీట్‌లో చేర్చండి: పలుచటి తీగ నుంచి బరువైన తీగకు వెళ్లేటప్పుడు పరావర్తన తరంగానికి 180 డిగ్రీల మార్పు, లోపలికి వెళ్లే తరంగానికి ఎప్పుడూ సున్నా.