కామా జరిపితే విడిపోయిన 360360

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి (డిగ్రీ అయినవాళ్లు రాసే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్న ఫ్రెండ్స్ అందరికీ... నంబర్ సిస్టమ్‌లో నేను ఎక్కడ ఇరుక్కున్నానో, అందులోంచి ఎలా బయటపడ్డానో చెప్తాను.

టైర్-1లో, అంటే మొదటి దశ పరీక్షలో, 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. తప్పు పెడితే అర మార్కు కోత. ఒక మాక్ టెస్టులో ‘360360కి సరి కారణాంకాలు ఎన్ని?’ అని అడిగారు. 2, 3, 5లతో భాగించుకుంటూ పోతే చివరికి 1001 మిగిలింది. టెన్షన్‌లో అది ప్రధాన సంఖ్యే అనుకున్నాను. 36 వచ్చింది. ఆప్షన్లలో 36 కూడా ఉంది, ధైర్యంగా పెట్టేశాను. తప్పు.

ఆ రాత్రి హాస్టల్లో మా రూమ్ అక్కకి చూపించాను. రఫ్ నోట్‌బుక్‌లో నేను 3,60,360 అని రాసుకున్నాను. అక్క 3 పక్కనున్న కామా కొట్టేసి, 360,360 అని రాసింది. “ఇప్పుడు చూడు చెల్లీ.” 360 వేలు, ఇంకో 360. అంటే 360 × 1001! మనం లక్షల్లో చదవడం అలవాటైనవాళ్లం కదా, ఆ కామా వల్ల ఈ జత కనపడదు.

1001 అంటే 7 × 11 × 13. ఈ ఒక్కటి గుర్తుంటే 457457 లాంటి ఏ సంఖ్యనైనా ఈ మూడూ భాగిస్తాయని చూడగానే చెప్పొచ్చు. ఆరంకెల వరకున్న మిగతా సంఖ్యలకు కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి తేడా చూడండి. 2184కి 184 − 2 = 182. దీన్ని 7, 13 భాగిస్తాయి, 11 భాగించదు. 2184 కూడా అంతే.

ఇక మన సంఖ్య: 2³ × 3² × 5 × 7 × 11 × 13. కారణాంకంలో 2ని అసలు వాడకపోవచ్చు, లేదా ఒకటి, రెండు, మూడుసార్లు వాడొచ్చు. అందుకే 4 దారులు. ఘాతాంకానికి 1 కలపడం వెనకున్నది ఇదే. నేను సూత్రం బట్టీ పట్టాను గానీ ఈ సంగతి అప్పటిదాకా పట్టించుకోలేదు. మొత్తం 4×3×2×2×2×2 = 192. సరి కారణాంకంలో కనీసం ఒక 2 ఉండాలి కాబట్టి 3 దారులే, అంటే 144.

అక్క అక్కడితో వదల్లేదు. “దీన్ని కచ్చిత వర్గం చేయాలంటే కనీసం ఎంతతో గుణించాలి?” అంది. జత లేనివి 2, 5, 7, 11, 13. గుణిస్తే 10010. వచ్చేది 60060 వర్గం. అది చూసి నిజంగా ఒళ్లు పులకరించింది! పైగా ఈ 360360యే 1 నుంచి 15 వరకున్న సంఖ్యల క.సా.గు.

అప్పటి నుంచి రోజుకు ఒక్క సంఖ్యే తీసుకుని, దాని మీద ఎన్ని ప్రశ్నలు వేయొచ్చో అన్నీ వేసుకున్నాను. మీరు ఈ రాత్రికి 720720 తీసుకోండి. మొత్తం కారణాంకాలు 240 రావాలి. రాకపోతే 2 ఘాతాంకం మళ్లీ చూసుకోండి.