ఫ్యాట్ ఎంతొచ్చింది?

మా నాన్న పాల కేంద్రంలో పోసిన పాల డబ్బుతోనే నా బీటెక్ ఫీజులు కట్టారు. కేంద్రంలో క్యాను దించగానే అందరూ అడిగే మాట ఒక్కటే, "ఫ్యాట్ ఎంతొచ్చింది?" ధర దాన్నిబట్టే కడతారు. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో నా ఉద్యోగం కూడా ఆ ఫ్యాట్ చుట్టూనే. డయాక్సిన్లు, పీసీబీలు, డీడీటీ లాంటి విష రసాయనాలు నీళ్ళలో దాదాపు కరగవు, కొవ్వులో కరుగుతాయి. మేతతో పాటు ఆవు లోపలికి వెళ్ళినవి ఎక్కడ చేరతాయి, పాలలోకి ఎంత దిగుతాయి, ఎన్నాళ్ళకి పోతాయి అన్నది కంప్యూటర్ మీద లెక్క కడతాను.

ఈ పని ఎందుకో 2004 నాటి సంగతి చెబితే తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో ఒక ఫారం పాలలో డయాక్సిన్ ఎక్కువగా కనిపించింది. చుట్టుపక్కల ఏ పొగ గొట్టమూ కారణం కాదు. ఫ్రెంచ్ ఫ్రైస్ తయారీలో బంగాళాదుంపల్ని వేరుచేయడానికి నీళ్ళలో ఒక రకం బంకమట్టి కలిపారు. డయాక్సిన్ ఆ మట్టిలోనే ఉంది. తొక్కలు దాణాగా ఆవులకి వెళ్ళాయి. అంత చిన్న దారి! పాలలో దీని హద్దు గ్రాము కొవ్వుకి కొద్ది పికోగ్రాములే. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

మా డెల్టా మనిషికి చెప్పాలంటే, మేత పైనుంచి వచ్చే నీరు, రక్తం కాలవ, ఒంటి కొవ్వు చెరువు, పాలు తూము. అన్ని రకాలూ ఒకేలా పారవు. అన్నిటికన్నా విషపూరితమైన డయాక్సిన్ తిన్నదానిలో దాదాపు మూడో వంతు పాలలోకి వస్తుంది. ఎనిమిది క్లోరిన్ పరమాణువులున్న పెద్ద రకం డయాక్సిన్ పేగు దాటలేక చాలావరకు పేడలోనే పోతుంది. మేత మార్చాక పాలు వెంటనే బాగుపడవు. చెరువు ఖాళీ కావాలి కదా. సగానికి దిగడానికే వారాలు పడుతుంది.

నా లెక్క ఒక్కచోట తప్పుతూ వచ్చింది. ఈనిన కొత్తలో పాలలో కొలిచిన అంకె ఎప్పుడూ నేను చెప్పినదానికన్నా ఎక్కువ. నెలల తరబడి మేత అంకెలే తిరగేశాను. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పరాయి దేశంలో పని సాగకపోతే ఆ టెన్షన్ చెప్పుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. మాది గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలో ఒక పల్లె. బాబాయికి ఇప్పటికీ నాలుగు గేదెలున్నాయి. ఒకటి ఈని మూడు వారాలైంది. జున్ను నేను రాకముందే అయిపోయింది.

"ఎట్టా చిక్కిపోయిందో చూడు తల్లీ" అన్నాడు బాబాయి దాని వీపు నిమురుతూ. "తినేదానికన్నా ఇచ్చేది ఎక్కువ ఈ రోజుల్లో. ఒంట్లో ఉన్న కొవ్వంతా పాలకే పోతంది."

చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా లెక్కలో ఆవు ఒంటి కొవ్వుని ఏడాదంతా ఒకేలా ఉంచాను. చెరువు ఎండేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఉప్పు చిక్కబడ్డట్టు, కొవ్వు కరిగేకొద్దీ మిగిలిన కొవ్వులో విషం చిక్కబడుతుంది. మేత ఎంత శుభ్రంగా ఉన్నా పాలలో అంకె పెరుగుతుంది.

చెప్పాను. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా చిన్నప్పుడు పత్తికి బీహెచ్‌సీ పురుగుమందు పొడి చేత్తోనే చల్లేవాళ్ళం. ఆ పత్తి చెక్కే గేదెలకి పెట్టేవాళ్ళం" అన్నాడు. వ్యవసాయంలో డీడీటీని మన దేశం 1989లో ఆపింది, బీహెచ్‌సీని 1997లో. అప్పటికి బాబాయి వాటిని ఎన్ని సంవత్సరాలు చల్లి ఉంటాడో. అమ్మ మాకు పోసిన పాలు అవే.

మా సమీకరణాలు హోల్‌స్టీన్ అనే పాడి ఆవు జాతి మీద కట్టినవి. దాని పాలలో వెన్న సుమారు నాలుగు శాతం. మన గేదె పాలలో ఏడు దాకా. గేదెకి వేరే లెక్క కట్టాలని తిరిగి వెళ్ళేముందే నిశ్చయించుకున్నాను. గేదె ఎంత చిక్కుతోందో తెలియడానికి బాబాయికి టైలరు టేపు ఒకటి కొనిచ్చి, ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ సెంటీమీటర్లలో ఎలా కొలవాలో చూపించాను.

ప్రతి ఆదివారం వాట్సాప్‌లో అంకె వస్తుంది. మొన్న రాసింది: "196. పోయిన వారం కన్నా రెండు తక్కువ. ఫ్యాట్ 7.2. చెక్క కొంచెం పెంచనా తల్లీ?"